అమ్మ నారాయణపేట చీరతో పాపకు బొమ్మ కుట్టాలి. గుడ్డ చినుగుతోంది, సాయం చేయండి

పూలసజ్జ, నల్లగొండ
జూన్ 9, రాత్రి 10:42

నమస్తే అందరికీ. ఏడాదిగా ఇక్కడి కుట్టు పోస్టులు చదువుతున్నా, రాయడం ఇదే మొదలు.

మా అమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. అమ్మ పుట్టిల్లు నారాయణపేట పక్కన ఊరు. ఆమె పెట్టెలో ఆరు నారాయణపేట నూలు చీరలున్నాయి. అందులో ఒకటి బాగా కట్టింది. కుంకుమ రంగు, సన్న గళ్లు, అంచుకు గోపురాలు. మా పాపకు నాలుగేళ్లు. అమ్మమ్మ దగ్గర పడుకున్నన్నాళ్లూ ఆ కొంగు చివరను చూపుడు వేలికి చుట్టుకుని, బుగ్గకు రుద్దుకుంటూ నిద్రపోయేది. ఇప్పటికీ రాత్రయితే "అమ్మమ్మ కొంగు" అంటుంది. చీర చేతికిస్తే ఇల్లంతా ఈడుస్తుంది, కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు పడింది కూడా.

అందుకే ఆ చీరతో ఒక కుందేలు బొమ్మ కుట్టి ఇద్దామనుకున్నా. నాకు మిషన్ మీద జాకెట్లు కుట్టేంత పని వచ్చు. కొంగు వైపు ఒక మూర కత్తిరించి కుట్టాను. సీదా వైపుకు తిరగదీసి దూది కూరుతుంటే మెడ దగ్గర గుడ్డ విచ్చుకుంది. దారం తెగలేదు. కుట్టు పక్కన గుడ్డే సన్నగా చీలికలయింది. ఇంకో ముక్క కత్తిరించాలంటే చేతులు రావడం లేదు. పాప అడిగే చీర ఉన్నది ఇదొక్కటే.

ఈ గుడ్డతో అసలు బొమ్మ అవుతుందా? లోపల ఏం కూరాలి? బాబుకు ఎనిమిది నెలలు, వాడూ దీన్ని నోట్లో పెట్టుకుంటాడు. అది కూడా చూసి చెప్పండి.

మిషన్_పాదం, మిర్యాలగూడ
జూన్ 10, ఉదయం 6:15

చెల్లె, ముందు కత్తెర పక్కన పెట్టు. చీర ఎక్కడికీ పోదు.

నేను 22 ఏళ్లుగా కుడుతున్నా. నువ్వు తీసుకున్న భాగమే తప్పు. కొంగు అన్నిటికన్నా ఎక్కువ అరుగుతుంది. చేతులు తుడుచుకోవడం, ముఖం తుడుచుకోవడం, ఎండకు నెత్తిన కప్పుకోవడం, పొయ్యి మీది గిన్నె దించడం, అన్నీ దానితోనే. కింద ఫాల్ కుట్టే అంచు కూడా నేలకు రాసుకుని పోతుంది. గట్టిగా మిగిలేది లోపలి చెంగు, అంటే నడుముకు మొదట చుట్టి దోపేది. రంగు కూడా అక్కడే నిలుస్తుంది. దోపిన చోట ముడతల గీత ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం వదిలెయ్.

ఆ చెంగును కిటికీ వెలుతురుకు పట్టి చూడు. పోగులు అల్లుకుని కనిపిస్తే పనికొస్తుంది. జల్లెడలా వెలుతురు కారితే వద్దు. తర్వాత రెండు బొటనవేళ్లతో పట్టి కొంచెం లాగు, టప్పున చప్పుడొస్తే దాని పని అయిపోయినట్టే.

ఇంకోటి. కుట్టు బలంగా రావాలని అందరూ టాకా చిన్నది పెడతారు. పాత గుడ్డకు అదే శత్రువు. సూది దగ్గర దగ్గరగా పొడిస్తే పోస్టాఫీసు స్టాంపుల షీటులా చిల్లుల వరుస పడి, ఆ వరుస వెంబడే చినుగుతుంది. నీకు జరిగింది అదే. టాకా మధ్యరకంగా పెట్టు. 11 నంబరు సూది, కొత్తది. కుట్టుకు అరంగుళం వదులు, జాకెట్లకు వదిలినట్టు పావంగుళం వద్దు.

అవ్వబొంత, వనపర్తి
జూన్ 10, మధ్యాహ్నం 2:05

(మా కోడలు టైపు చేస్తోంది, మాట నాది.)

బిడ్డా, మీ అమ్మ చీర అంటున్నవు గదా, దాన్ని ఒంటిగా కుట్టకు. బొంత చెయ్యి.

మా కాలంలో పాత చీర ఏదీ పారేసేది లేదు. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంగుళానికో వరస చొప్పున చేత్తో కచ్చా కుట్టు వేస్తే చలికాలమంతా పిల్లలు దాని మీదే పడుకునేవాళ్లు. విడిగా చూస్తే ఆ చీరల్లో ఒక్కటి కూడా పట్టుకుంటే ఆగేది కాదు. కుట్టు వేసినాక పదేళ్లు ఆగింది. ఒక పొర చినిగే చోట ఇంకో పొర పట్టుకుంటది.

నువ్వూ అట్లనే చెయ్యి. మీ ఆయన పాత నూలు లుంగీ గానీ తెల్ల పంచె గానీ తీసుకో. దాని మీద మీ అమ్మ చీర ముక్క పరువు. రెంటినీ కలిపి అంగుళం వెడల్పున గళ్లలాగా కచ్చా కుట్టు వెయ్యి. కుట్లు వేసినంకనే కుందేలు ఆకారం గీసి కత్తిరించు. ముందే కత్తిరిస్తే పొరలు జరుగుతయి. ఆ గళ్ల కుట్టు పైకి కనిపిస్తది, కనిపించనీ. మీ అమ్మ చీరకు గళ్లు ఉండనే ఉన్నయి గదా, వాటి గీత వెంబడే పోనియ్యి. నీకు గీసుకునే పనే ఉండదు.

ఒక రాత్రి పని కాదు. నాకైతే మూడు మధ్యాహ్నాలు.

చిటికి_నూలు, పుట్టపాక
జూన్ 10, రాత్రి 9:20

అవ్వ చెప్పింది ముమ్మాటికీ నిజం. మాది మగ్గం ఇల్లు, నేత వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతాను.

గుడ్డలో పడుగు వేరు, పేక వేరు. మగ్గం మీద పడుగు రోజుల తరబడి బిగుతుగా ఉంటుంది, అందుకే దానికి గంజి పట్టించి సిద్ధం చేస్తారు. చీర పొడవునా వెళ్లేది పడుగు, అడ్డంగా వెళ్లేది పేక. బొమ్మ నిలువు చీర పొడవు వైపే ఉండేలా ముక్క పెట్టండి. పొట్ట దగ్గర దూది లోపలి నుంచి తోస్తుంటుంది. గుడ్డ ఏటవాలుగా పడితే అక్కడ సాగి, కుందేలు కాస్తా నెల తిరిగేసరికి గుమ్మడికాయ అవుతుంది. లుంగీ ముక్కను కూడా అదే దిక్కున పెట్టండి. రెండు పొరలు చెరో దిక్కు ఉంటే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకోటి ఉబ్బుతుంది.

నూలు చీర కాబట్టి మీరు అదృష్టవంతులు. పట్టు అయితే మడతల దగ్గరే చిట్లుతుంది, ఏళ్ల తరబడి ఒకే మడతలో పెట్టెలో ఉన్నవాటి సంగతి చెప్పనక్కర్లేదు. గద్వాల చీరలు దాచుకున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. అంచు పట్టు, ఒళ్లు నూలు. ఆ రెండింటినీ కలిపిన గీత మీదుగా బొమ్మ ముక్క కత్తిరించకండి, అటు సగం ఇటు సగం వేర్వేరుగా లాగుతాయి. జరీని ముఖానికి, చేతులకు వాడకండి. పాత జరీ పోగు లేచిందంటే పిల్లల బుగ్గ మీద గీత పడుతుంది.

రంగు పోతుందేమో కూడా చూడండి. తెల్ల గుడ్డ తడిపి, చీర మీద పెట్టి, రెండు నిమిషాలు గట్టిగా రుద్దండి. ఎరుపు అంటితే బాబు నోటికి అందే చోట ఆ ముక్క పెట్టవద్దు.

పూలసజ్జ, నల్లగొండ
జూన్ 11, రాత్రి 11:10

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. లోపలి చెంగు చూశాను అన్నా, నువ్వన్నట్టే కొత్త గుడ్డలా ఉంది. అమ్మ 30 ఏళ్లు కట్టిన చీరలో అసలు రంగు ఇదా అనిపించింది. తెల్ల గుడ్డకు రంగు అంటలేదు.

అవ్వా, మీ కాళ్లకు దండం. నాన్నది తెల్ల పంచె ఉంది, అదే వేస్తాను.

ఒక్కటి అడగాలి. చీరను ఉతకకుండా కుట్టవచ్చా? ఏడు నెలలయింది, ఇంకా అమ్మ వాసన ఉంది. కొబ్బరి నూనె, తమలపాకు కలిసిన వాసన. ఉతికితే పోతుంది. పాప ముక్కు దగ్గర పెట్టుకునేది దానికోసమే అని నాకు అనిపిస్తుంది.

చిటికి_నూలు, పుట్టపాక
జూన్ 12, ఉదయం 7:30

వాసన మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. మా దగ్గర తేలియా రుమాలు నేస్తారు, 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో మళ్లీ మళ్లీ పిసికి ఆరబెడతారు. తేల్ అంటే నూనె, అందుకే దానికి ఆ పేరు. అద్దకం పూర్తయి, నేసి, మడత పెట్టినా ఆ నూనె వాసన గుడ్డలో ఉంటుంది. నూలుకు నూనె పట్టిందంటే అంత తేలిగ్గా వదలదు.

కానీ వదలని నూనెకు దుమ్ము అంటుకుంటుంది, పురుగూ చేరుతుంది. పై గుడ్డను ఉతకాల్సిందే. చల్లని నీళ్లు, కుంకుడుకాయ రసం, పిండకుండా నీడన ఆరేయడం. వాసన కోసం వేరే దారి ఉంది. అరచేయి అంత ముక్కను ఉతకకుండా ఒక రోజు ఎండలో మాత్రం పెట్టి, పల్చటి మల్లు గుడ్డ సంచిలో కుట్టి, బొమ్మ వీపు లోపల పెట్టండి. వీపున చిన్న తెరుపు ఉంచి రెండు టిచ్ బటన్లు కుడితే, బొమ్మ ఉతికే రోజు సంచి బయటికి తీయవచ్చు. బటన్ల మీద గుడ్డ రెక్క ఒకటి అడ్డం వేయండి, పిల్లల వేళ్లకు అందకూడదు.

మిషన్_పాదం, మిర్యాలగూడ
జూన్ 12, ఉదయం 8:02

ఈ సంచి ఆలోచన నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. చిన్న బాబు ఉన్నాడు కాబట్టి టిచ్ బటన్లు వద్దు. ఆ తెరుపును చేతికుట్టుతోనే మూసెయ్. ఉతికేటప్పుడు నాలుగు టాకాలు విప్పి మళ్లీ వేస్తే సరి. అయిదు నిమిషాల పని.

చిటికి_నూలు, పుట్టపాక
జూన్ 12, ఉదయం 8:15

నిజమే అన్నా, బాబు సంగతి మరిచాను. బటన్లు తీసేయండి.

తొలకరి, దేవరకొండ
జూన్ 12, సాయంత్రం 6:44

ఇక లోపల ఏం కూరాలో మాట్లాడుకుందాం. పాత గుడ్డతో బొమ్మ చేసి, లోపల బజారు నుంచి తెచ్చిన రిక్రాన్ పెడితే సగం పని వృథా అని నా అభిప్రాయం. అది పాలిస్టరే కదా. నేను పాత బనియన్లు, టీషర్టులు చిన్న ముక్కలు చేసి కూరుతాను. మా వీధి దర్జీ దగ్గర కత్తిరింపు ముక్కలు వారానికో గోనె సంచి పోగవుతాయి. ఊరికే ఇస్తాడు. ఇప్పటికి పద్నాలుగు బొమ్మలు చేశాను, ఒక్క రూపాయి దూది కొనలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి, సూర్యాపేట
జూన్ 12, రాత్రి 8:30

తొలకరి గారూ, మీ పట్టుదలకు నమస్కారం. కానీ నాకు జరిగింది చెప్పాలి. నేనూ గుడ్డ ముక్కలతోనే ఏనుగు చేశాను. రెండు విషయాలు తెలియక తప్పు చేశాను. ఒకటి, ముక్కలు వేలంత పొడవు ఉంచాను, లోపల అవి చుట్టుకుని గడ్డలు కట్టాయి. ఏనుగు పొట్ట మీద చెయ్యి వేస్తే బస్తాలో ఆలుగడ్డలు తగిలినట్టు ఉండేది. రెండోది పెద్దది. శ్రావణంలో ఉతికాను. మూడు రోజులు తీగ మీద వేశాను, పైన పొడిగా ఉంది. లోపల ఆరలేదు. పది రోజులకు ముక్కిన వాసన. కుట్టు విప్పితే మధ్యలో నల్ల మచ్చలు. మొత్తం పారేశాను, మా చిన్నోడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

తొలకరి, దేవరకొండ
జూన్ 12, రాత్రి 9:05

మీ అనుభవం విన్నాక నేను మాట సవరించుకోవాలి. నేను ముక్కలు గోరంత చేస్తాను, అందుకే గడ్డలు రాలేదు. ఉతకడం మాత్రం ఎండాకాలంలోనే, అదీ రెండు మూడు రోజుల ఎండ పెడతాను. వానాకాలంలో ఉతకాల్సి వస్తే నా పద్ధతి పనికిరాదు. నెలకోసారి ఉతికే బొమ్మకు రిక్రానే మేలు, తొందరగా ఆరుతుంది. కాళ్ల అడుగున, పిరుదుల దగ్గర మాత్రం గుడ్డ ముక్కలు పెట్టండి. ఆ బరువుకు బొమ్మ కూర్చుంటుంది.

అవ్వబొంత, వనపర్తి
జూన్ 13, మధ్యాహ్నం 1:40

మా ఇంట్లో బూరుగు దూది మెత్త ఉంది, నా పెళ్లినాటిది. బూరుగు మెత్తన గానీ ఉతకరాదు, తడిస్తే ముద్దయితది. ఏకేటప్పుడు నూగు లేచి ముక్కులోకి పోతది, పిల్లల బొమ్మకు వద్దు.

పత్తి దూది పెట్టేటట్టయితే పాత పరుపులోది అట్లనే తీసి పెట్టకు. గట్టిగా అట్టకట్టి ఉంటది. విప్పి, ఎండ పెట్టి, ఏకించుకో. ఇదివరకు దూదేకులాయన ధనుస్సు లాంటి కొయ్య భుజాన వేసుకుని వీధిలోకి వస్తే, తీగ టుంగు టుంగుమని చప్పుడయ్యేది, పిల్లలందరం చుట్టూ చేరేవాళ్లం. ఇప్పుడు పరుపుల దుకాణాల్లో మిషన్లున్నయి.

ఇద్దరు_పిల్లల_తల్లి, సూర్యాపేట
జూన్ 13, రాత్రి 9:50

పూలసజ్జ గారూ, బాబుకు ఎనిమిది నెలలు అన్నారు కదా, కళ్ల గురించి ఒక మాట. దయచేసి గుండీ కళ్లు పెట్టకండి.

మా చిన్నోడికి పద్నాలుగు నెలలప్పుడు కుక్కపిల్ల బొమ్మ కుట్టాను. కళ్లకు రెండు నల్ల చొక్కా గుండీలు. నాలుగు పేటల దారంతో, ఊడదనే ధైర్యంతో కుట్టాను. ఒకరోజు వంటింట్లో ఉండగా వాడు ఆడుకుంటున్నవాడు చప్పుడు లేకుండా అయిపోయాడు. వెళ్లి చూస్తే నోరు కదుపుతున్నాడు. వేలు పెట్టి తీస్తే గుండీ. దారం తెగలేదు, కుట్టిన చోట గుడ్డే తెగి గుండీతో పాటు వచ్చింది. ఆ రోజు నా గుండె ఎంత సేపు కొట్టుకుందో. తర్వాత పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు చెప్పింది. మూడేళ్లలోపు పిల్లల వస్తువుల్లో ఒకటింపావు అంగుళం వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్న ముక్క ఏదీ ఊడి రాకూడదట. బొమ్మల పరీక్షల్లో వాడే కొలత కూడా దాదాపు అదే, 31.7 మిల్లీమీటర్లు. గుండీ, పూస, గజ్జె, రిబ్బను ముడి, అన్నీ దాని కిందికే వస్తాయి.

ఇప్పుడు కళ్లన్నీ దారంతోనే. నల్లదారం ఆరు పేటలు, ముందు గొలుసు కుట్టుతో గుండ్రంగా అంచు, లోపల నింపుడు కుట్టు. చివర పై పక్కన తెల్లదారంతో ఒకే ఒక్క చుక్క. ఆ చుక్క పడగానే బొమ్మకు చూపు వస్తుంది. కళ్లు ముఖం మధ్యకన్నా కొంచెం కిందకి, ఎడంగా పెడితే పసిముఖం వస్తుంది. దూది కూరకముందే కుట్టండి, తర్వాతయితే సూది తిరగదు.

ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కన మెత్తని బొమ్మలేవీ పెట్టవద్దని కూడా అదే డాక్టరు చెప్పింది, ముఖం మీద పడితే ఊపిరి ఆడదని. పాప దగ్గరే ఉంచండి, బాబు పక్కలో వద్దు.

నల్లగొంగడి, మక్తల్
జూన్ 14, ఉదయం 5:55

మా నాయన గొర్రెల వెంట తిరిగిన మనిషి. ఆయన గొంగడి చివరలు చిరిగితే పారేయబుద్ధి కాలేదు. మంచి ముక్కతో మా అన్న కొడుక్కి గొర్రెపిల్ల చేశాను. ముఖం, కాళ్లు పాత తెల్ల చొక్కావి, ఒళ్లు గొంగడి. దక్కన్ గొర్రె ఉన్ని గరుకుగా ఉంటుంది, పసిపిల్లలకు ఒంటికి గుచ్చుతుంది. వాడికి తొమ్మిదేళ్లు కాబట్టి సరిపోయింది. వేడినీళ్లలో ఉతకరాదు, ముడుచుకుంటుంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు పెట్టెలో వేస్తాం. పోగు లేస్తుంటుంది కాబట్టి కత్తిరించిన అంచుకు కాజా కుట్టు వేసి తర్వాత జోడించాలి.

మెడకు గంట కట్టమని వాడు ఒకటే గొడవ. తాత మందలో గంట గొర్రె ఉండేది మరి.

పాలపిట్ట_టీచర్, జడ్చర్ల
జూన్ 14, రాత్రి 8:12

ఈ చర్చ చదివి మా బడి సంగతి రాయకుండా ఉండలేకపోయాను. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాను. పోయిన దసరా సెలవులకు ముందు నాలుగు, అయిదు తరగతుల పిల్లలతో పాలపిట్టలు చేయించాను. ఊళ్లో దసరా నాడు జమ్మి దగ్గరికి పోయేటప్పుడు పాలపిట్ట కనిపించాలని అందరూ చెట్ల వైపు చూస్తారు. పిల్లలకు అది మన రాష్ట్ర పక్షి అని పుస్తకంలో తెలుసు, చాలామంది చూడలేదు.

ఇళ్ల నుంచి నీలం గుడ్డలు తెమ్మన్నాను. అమ్మ జాకెట్టు ముక్క, అన్న స్కూలు డ్రెస్సు, లంగా అంచు. ముప్పై మంది తెస్తే ముప్పై రకాల నీలాలు. కూర్చున్న పాలపిట్ట వెలిసిపోయిన మట్టిరంగులో ఉంటుంది. రెక్క విప్పితేనే లేత నీలం, ముదురు నీలం పట్టీలు బయటపడతాయి. అందుకే ఒంటికి గోధుమరంగు గుడ్డ పెట్టించి, రెక్క లోపలి వైపు నీలాలు వరసగా కుట్టించాను. రెక్కను ఒక చోటే అతికిస్తే ఎత్తవచ్చు, దించవచ్చు.

పాత క్యాలెండరు అట్టతో నమూనా. రెండు ఒళ్లు, పొట్టకు ఒక ఆకు ఆకారం ముక్క. ఆ పొట్ట ముక్క వేయకపోతే పిట్ట బిస్కెట్టులా చదునుగా వస్తుంది. ఈ ఒక్కటీ చెబితే పిల్లలకు బొమ్మ సంగతంతా అర్థమైపోయింది. ఒంపుల దగ్గర కుట్టు దాకా పోకుండా చిన్న గాట్లు, మూడు వేళ్లు పట్టేంత తెరుపు, తిరగదీయడానికి పెన్ను మూత వైపు. ముక్కు, తోక ముందు దట్టించాలి, ఒళ్లు చివర. ఇది తిరగేస్తే ముక్కు ఎప్పటికీ వంగే ఉంటుంది.

ఒక అబ్బాయి, ఇంట్లో పనికి వలస పోయి వచ్చే కుటుంబం, గుడ్డ తేలేదు. అడిగితే తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్న పిల్ల తన లంగా అంచును పళ్లతో కొరికి రెండుగా చించి సగం వాడికిచ్చింది. ఆ ఇద్దరి పిట్టల రెక్కలు ఒకే నీలం. ఇప్పటికీ తరగతి కిటికీకి పక్కపక్కన వేలాడుతున్నాయి.

చిన్నదుకాణం, గద్వాల
జూన్ 15, మధ్యాహ్నం 12:20

నాదో సందేహం. నేను ఇలాంటివే చేసి తెలిసినవాళ్లకు ఇస్తున్నాను. ఒక్కో బొమ్మకు నాకు ఆరేడు గంటలు, రిక్రాన్, దారం కలిపి వంద రూపాయల దాకా అవుతోంది. జాతరలో బల్ల పెట్టి అమ్ముదామని ఉంది. దీనికేమైనా రూల్సు ఉన్నాయా?

పాలపిట్ట_టీచర్, జడ్చర్ల
జూన్ 15, సాయంత్రం 5:30

ఉన్నాయండీ. మా చెల్లెలు ఇదే పని మొదలుపెట్టినప్పుడు తెలుసుకున్నాం. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బొమ్మల నాణ్యత ఉత్తర్వు అది. కానీ చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఆ నమోదుకు పహచాన్ కార్డు ఇస్తారు. ముందు ఆ కార్డు సంగతి చూసుకోండి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే దారి చెబుతారు. మినహాయింపు ఉంది కదా అని గుండీ కళ్లు పెట్టకండి. అది కాగితానికి మినహాయింపే గానీ పిల్లల గొంతుకు కాదు.

ధర విషయంలో నా మాట: దారం ఖర్చుకు యాభై కలిపి అమ్మవద్దు. మీ ఏడు గంటలకు కూలి కట్టండి.

పూలసజ్జ, నల్లగొండ
జూన్ 28, రాత్రి 11:35

అయింది. పదిహేను రోజులు పట్టింది, పిల్లలు పడుకున్నాకే కుట్టగలిగాను.

లోపలి చెంగు, నాన్న పంచె కలిపి అవ్వ చెప్పినట్టు గళ్ల వెంబడి కచ్చా కుట్టు వేశాను. నాలుగు రాత్రులు దానికే. గోపురం అంచు చెవులకు లోపలి వైపు పెట్టాను, చెవి వంగితే గోపురాలు కనిపిస్తాయి. పడుగు నిలువుగానే ఉంది. కళ్లు దారంవి, తెల్లచుక్క పెట్టాను. ఆ చుక్క వేసిన క్షణం మీరు చెప్పిన మాట అర్థమైంది అక్కా, సూది చేతిలో పట్టుకుని అలాగే కాసేపు చూస్తూ ఉండిపోయా. కాళ్లలో గుడ్డ ముక్కలు, మిగతాదంతా రిక్రాన్. వీపులో సంచి. అందులో మొదట పాడైపోయిన కొంగు ముక్కే పెట్టాను, చినిగిన ముక్క కూడా వృథా పోలేదు.

మొన్న పొద్దున పాప లేవకముందు దిండు పక్కన పెట్టాను. కళ్లు తెరిచి చూసింది, ముందు ముట్టుకోలేదు. తర్వాత బోర్లా తిప్పి వీపు వాసన చూసింది. నేను సంచి సంగతి దానికి చెప్పనేలేదు. చెవి పట్టుకుని చూపుడు వేలికి చుట్టుకోబోయింది. చెవి దళసరి, రెండు పొరలు కదా, చుట్టుకోలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి నా వైపు చూసింది.

అదొక్కటే లోటు. వేలికి చుట్టుకునేలా ఏం చేయాలి? చెవి విప్పి ఒంటి పొర వేస్తే చినుగుతుందని భయం.

అవ్వబొంత, వనపర్తి
జూన్ 29, మధ్యాహ్నం 1:15

చెవి ముట్టకు బిడ్డా. కుందేలు మెడకు చిన్న కొంగు కట్టు. లోపలి చెంగు ఇంకా మిగిలి ఉంటది గదా, జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు చింపు, కత్తిరించకు. చింపితే పోగు వెంబడి సాఫుగా వస్తది. అంచులు సన్నగా మడిచి హెమ్మింగ్ చెయ్యి. ఒక కొస మెడ వెనక కుట్టులో గట్టిగా కలిపెయ్యి, ఇంకో కొస వదిలెయ్యి. జానెడు దాటనియ్యకు, మెడకు చుట్టుకునేంత పొడవు పిల్లలున్న ఇంట్లో పనికిరాదు. ఒంటి పొరనే గనక అరుగుతది. అరిగినప్పుడల్లా కొత్తది మార్చు. ఒక చీరలో అసొంటి కొంగులు ఎన్ని వస్తయో లెక్క పెట్టుకో, దానికి పెండ్లయ్యేదాకా వస్తయి.

పూలసజ్జ, నల్లగొండ
జూన్ 30, రాత్రి 9:48

కుట్టేశాను అవ్వా. ఇప్పుడే పడుకుంది. వేలికి రెండు చుట్లు వచ్చింది.